తడి తోలు ఆరేదాకా

గ్లౌజుల కొట్టు, వెనక గది

గౌరవనీయులైన అక్కగారికి,

నమస్కారం. మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ చిరునామా తోళ్ళ బ్రోకరు ఇచ్చాడు. ఇవ్వనంటే ఇవ్వనని చాలాసేపు బెట్టు చేసి, చివరికి ఒక జత గ్లౌజులు పుచ్చుకుని ఇచ్చాడు.

మీరు ఇల్లు విడిచి వెళ్ళాక మనం ఒకరికొకరం ఒక్క ముక్క రాసుకోలేదు. అమ్మ పోయినప్పుడు కబురు పంపితే మీరు రాలేదు. ఇప్పుడు కూడా పని మీదే రాస్తున్నాను. తప్పుగా అనుకోవద్దు.

ఇక్కడ ఒక నాటక సమాజం ఉంది. దాన్ని నడిపే మాస్టారు మన కొట్టుకొచ్చి ఒక వింత ఆర్డరు ఇచ్చారు. హెబ్రీ లేఖనాల్లో కవల అన్నదమ్ముల కథ ఉంది కదా, అది ఆడుతున్నారట. అన్నకి ఒళ్ళంతా వెంట్రుకలు, తమ్ముడు నున్నగా ఉంటాడు. తండ్రికి ముసలితనంలో చూపు పోతుంది. పెద్దకొడుక్కి ఇవ్వబోయే దీవెన కాజేయడానికి తమ్ముడు చేతులకి మేకతోలు చుట్టుకుని, అన్నలా నటిస్తూ తండ్రి దగ్గరికి వెళ్తాడు. మాస్టారికి కావలసింది ఆ మేకతోలు తొడుగులు. వెంట్రుకలు పైకి కనపడాలి, రాలకూడదు, మోచేతుల దాకా రావాలి.

మన కొట్టుకొచ్చే తోళ్ళన్నీ వెంట్రుకలు తీసేసినవే. వెంట్రుక నిలిపి తోలు పదును చేయడం నాకు రాదు, పెద్దమేస్త్రికీ రాదు. నాన్న తర్వాత ఆ పని తెలిసింది మీకొక్కరికే. ఎలా చేయాలో నాలుగు ముక్కలు రాస్తే చాలు.

దీంతోపాటు ఒక జత గ్లౌజులు పంపుతున్నాను. మీ చేతి కొలత నాకు గుర్తుంది.

మీ తమ్ముడు


తోళ్ళ కార్ఖానా, తొట్ల షెడ్డు

ఒరే చిన్నోడా,

"గౌరవనీయులైన అక్కగారు" ఎవర్రా? నీ చీమిడి ముక్కు తుడిచి, లాగు బొత్తాలు పెట్టి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళినదాన్ని నేను. సొమ్ము కాజేసినవాళ్ళకి మర్యాద ఎక్కువవుతుందని ఇవాళే తెలిసింది.

లోకంలో ఇన్ని కథలుండగా వెతికి వెతికి ఆ కథకి ఆర్డరు పట్టావు. పట్టినవాడివి పట్టి, సలహా నన్నే అడిగావు. నీ ధైర్యాన్ని మెచ్చుకోవాలో నెత్తిన మొట్టాలో తెలియడం లేదు. ఆ కథ నాకు తెలుసు. చర్చిలో ఆదివారం క్లాసులో ఇద్దరం పక్కపక్కన కూర్చుని విన్నాం. నువ్వు నా భుజం మీద నిద్రపోయావు. నిద్రలో కూడా పనికొచ్చే ముక్క వంటబట్టించుకున్నావన్నమాట.

నీకు గుర్తు లేకపోతే నేను గుర్తు చేస్తాను. నాన్నకి చూపు పోయి మంచాన పడ్డాక, కత్తెర నాకే ఇస్తానని పనివాళ్ళందరి ముందూ అన్నాడు. కత్తెర ఎవరిదైతే కొట్టు వాళ్ళది. "నువ్వు పదును చేసిన తోలు ఒకటి పట్రా తల్లీ. నా చేత్తో తడిమి చూసి ఇచ్చేస్తాను" అని నన్ను ఏటి ఒడ్డున మన తొట్ల దగ్గరికి పంపాడు. నేను తోలు భుజాన వేసుకుని తిరిగొచ్చేసరికి నువ్వు నా ఏప్రను కట్టుకుని, నీ నున్నటి చేతులకి సున్నం రుద్దుకుని, నాన్న మంచం పక్కన కూర్చుని ఉన్నావు. కత్తెర నీ చేతిలో ఉంది. అమ్మ గుమ్మంలో కాపలా ఉంది. ఆ రోజు నుంచీ నేను ఇంకొకరి తొట్ల దగ్గర కూలి చేసుకుంటున్నాను.

సరే, పని సంగతి. తాజా మేకతోలు తీసుకో. లోపలి వైపు మాంసం పొర మొండి కత్తితో గీకెయ్యి. ఉప్పు పట్టించి ఒక రోజు వదిలెయ్యి. పటిక, ఉప్పు, గోధుమపిండి, గుడ్డు సొన కలిపి లోపలి వైపు మర్దన చెయ్యి. నీడన ఆరబెట్టు. సగం ఆరాక బల్ల అంచుకేసి లాగి లాగి మెత్తబరుచు. మిగతాది నీకు తెలిసిందే.

గ్లౌజులు తిప్పి పంపుతున్నాను. నా మధ్యవేలు దూరలేదు. నీకు గుర్తున్న చెయ్యి ఇప్పుడు లేదు, కణుపులు వాచిపోయాయి.

అక్క


గ్లౌజుల కొట్టు, వెనక గది

అక్కా,

తిట్టడానికైనా రాశావు. నాకదే పదివేలు.

"మిగతాది నీకు తెలిసిందే" అన్నావు చూడు, కొంప మునిగింది అక్కడే. నాకు తెలిసిందల్లా ఒక్కటే, తోలు రాగానే సున్నం నీళ్ళలో వెయ్యడం. చిన్నప్పుడు ఏటి ఒడ్డున నువ్వూ నాన్నా చేస్తుంటే చూసింది అదే కదా. గీకాను, ఉప్పు పట్టించాను, తర్వాత అదే గుర్తొచ్చి ఒక తొట్టిలో సున్నం కలిపి పడేశాను. తీసి చూస్తే వెంట్రుకలన్నీ తొట్టిలో ఉన్నాయి, తోలు నా చేతిలో ఉంది. అరచేతిలా నున్నగా ఉంది. పెద్దమేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తమ్ముడి చెయ్యి బ్రహ్మాండంగా తయారైందండీ. అన్న చెయ్యి ఎప్పుడు మొదలెడదాం?" అన్నాడు. పనివాళ్ళంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను?

తమ్ముడి వేషం వేసే ఆయన బ్యాంకు గుమస్తా. బక్కగా ఉంటాడు. రిహార్సలుకి ఎవరో పాత బొచ్చు దుప్పటి ముక్క చేతులకి చుట్టారట. తండ్రి ముందుకొచ్చి నోరు తెరవగానే వరసగా తుమ్ములు. తండ్రి వేషం వేసే పెద్దాయన, "ఈ తుమ్ములు మా చిన్నాడివే" అనేసరికి మాస్టారు తల పట్టుకున్నారట. నిన్న నేను వెళ్తే నన్ను ఆ తండ్రి కుర్చీ ముందు కూర్చోబెట్టి, "మీరు చేతుల పని చేసేవారు. భయపడే మనిషి చెయ్యి ఎలా చాపుతాడో మావాడికి చూపించండి" అన్నారు. కొట్టులో పని ఉందని చెప్పి వచ్చేశాను.

అక్కా, ఆ తోలు నువ్వే చేసి పంపుతావా? సిగ్గు విడిచి అడుగుతున్నాను. మధ్యవేలు వదులు చేసి ఇంకో జత కోశాను. ఈసారైనా ఉంచుకో.

చిన్నోడు


తోళ్ళ కార్ఖానా, తొట్ల షెడ్డు

ఒరే సున్నం తొట్టీ,

నీ ఉత్తరం చదివి షెడ్డులో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్క తొట్టి మనిషి నాకేదో అయిందనుకున్నాడు. తోలు పంపుతున్నాను. వెంట్రుక ఒక్కటి రాలినా నన్నడుగు. గుమస్తా గారికి తుమ్ములు రాకుండా బాగా ఉతికాను.

ఇక నవ్వులు చాలు. నేనొకటి అడగాలి.

తోలు చేస్తున్నంతసేపూ ఆ కథే బుర్రలో తిరిగింది. ఆ ముసలి తండ్రి ఎలాంటివాడు? బతుకంతా మేకల మధ్యా గొర్రెల మధ్యా గడిపినవాడు. అలాంటివాడికి మేకతోలు చేతికి తగిలితే కొడుకు చెయ్యి అనుకుంటాడా? చచ్చిన తోలు చల్లగా ఉంటుంది, మనిషి చెయ్యి వెచ్చగా ఉంటుంది. నా దగ్గర కొత్తగా పనిలో చేరినవాళ్ళు కూడా కళ్ళు మూసుకుని తేడా చెప్తారు. పైగా గొంతు చిన్నవాడిదని ఆయనకి అనుమానం వచ్చింది కూడా. అయినా దీవించాడు. నాకేమనిపించిందంటే, ఆయనకి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు.

అలా అనుకోగానే నా చేతులు ఆగిపోయాయి.

నీకు తెలిసిన సంగతే రాస్తున్నాను, రాస్తే గానీ నాకు తేలేట్టు లేదు. మన కొట్టులో కత్తెర ఇవ్వడమంటే తీసి చేతిలో పెట్టడం కాదు. పిడులకి తడి తోలు చుడతారు. కొత్త యజమాని ఆ పిడులు పట్టుకుంటే, పాత యజమాని ఆ చేతిని తన రెండు చేతులతో పొదివి పట్టుకుని, తోలు ఆరేదాకా వదలడు. ఆరాక పిడుల మీద ఆ చేతి అచ్చు పడిపోతుంది. ఇక ఆ కత్తెర ఇంకొకరి చేతికి నప్పదు. అందుకే కదా, నేను వచ్చి ఎంత గోల పెట్టినా చేయడానికి ఏమీ మిగల్లేదు.

తోలు ఆరడానికి ఒక పూట పడుతుంది. నాన్న కొనేవాళ్ళ చెయ్యి ఒక్కసారి పట్టుకుని వదిలితే చాలు, టేపు పెట్టకుండా గ్లౌజులు కోసేవాడు. ఆ మనిషి పూటంతా నీ చెయ్యి పట్టుకుని అది నా చెయ్యే అనుకున్నాడా? ఇన్నాళ్ళూ ఇది నాకెందుకు తట్టలేదు?

ఇన్నేళ్ళూ నేను ఒక్క మాట పట్టుకుని బతికాను. నాన్న నాకే ఇచ్చాడు, అమ్మా నువ్వూ కలిసి లాక్కున్నారు అని. కొట్టు పోయినా నాన్న నా వైపే ఉన్నాడని. కాబట్టి అడుగుతున్నాను, నాన్నకి తెలుసా, తెలియదా?

అక్క


గ్లౌజుల కొట్టు, ముందు గది

అక్కా,

తోలు చేరింది. మాస్టారు దాన్ని బుగ్గకి ఆనించుకుని మరీ మురిసిపోయారు. తొడుగులు కుట్టి ఇచ్చేశాను. గుమస్తా గారు తుమ్మలేదు.

నేనొక నిర్ణయానికొచ్చాను. కొట్టులో సగం నీ పేర పెడతాను. పెద్దమేస్త్రితో కూడా మాట్లాడాను, ఆయన సంతోషించాడు. ముందు గది నువ్వు తీసుకో, వెలుతురు బాగుంటుంది. మేడ మీద గది కూడా నీదే, సున్నం వేయిస్తున్నాను. నీకు ఎలా కావాలంటే అలా చేద్దాం. కుట్టు మిషన్లు కొత్తవి వచ్చాయి. ఇంకో జత గ్లౌజులూ, ఒక ఉన్ని శాలువా పంపుతున్నాను, మీ వైపు చలెక్కువని బ్రోకరు అన్నాడు.

పాతవన్నీ ఇప్పుడెందుకక్కా. నాన్న ముసలివాడు, జ్వరంలో ఉన్నాడు. నువ్వు ఎప్పుడొస్తావో రాయి.

చిన్నోడు


తోళ్ళ కార్ఖానా

చిన్నోడా,

నేనడిగింది కొట్టు కాదు, శాలువా కాదు. అడిగినదానికి జవాబు చెప్పు. చెప్పలేకపోతే ఇక రాయకు.

అక్క


గ్లౌజుల కొట్టు, వెనక గది

అక్కా,

నీకు జవాబు రాయకూడదనే అనుకున్నాను. నిన్న నాటకం చూసి మనసు మార్చుకున్నాను.

అన్న వేషం వేసింది గోదాములో బస్తాలు మోసే మనిషి. గుమ్మంలోంచి వంగి రావాలి, అంత ఎత్తు. వేట నుంచి వచ్చి, తండ్రికి వండి తెచ్చి, "లే నాన్నా, తిను" అంటాడు. తండ్రి వణికిపోతూ, దీవెన ఇచ్చేశానని చెప్తాడు. ఇక వెనక్కి తీసుకోలేనంటాడు. అంత మనిషీ నేల మీద కూలబడి, నీ దగ్గరున్నది ఆ ఒక్క దీవెనేనా, నాకేమీ మిగల్చలేదా అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు అక్కడ నువ్వే కనపడ్డావు. ఉండలేక లేచి బయటికొచ్చేశాను. తర్వాత అన్నదమ్ముల సంగతి ఏమైందో నేను చూడలేదు.

నాన్నకి తెలుసక్కా.

నేను మాత్రం మోసం చేయడానికే వెళ్ళాను, అందులో సందేహం లేదు. నన్ను మంచివాణ్ని అనుకోకు. అమ్మ ఏప్రను కట్టింది, నోరు విప్పొద్దంది, గుమ్మంలో నిలబడింది. నేను తడి తోలు పట్టుకున్నాను. నాన్న రెండు చేతులూ నా చేతి మీద వేశాడు. బొటనవేలితో నా వేళ్ళ మధ్య ఒకసారి తడిమాడు, ఆగిపోయాడు. నాకు వణుకు పుట్టింది. అప్పుడు అమ్మకి వినపడనంత మెల్లగా, "చిన్నోడా, చెయ్యి వణికించకు. అచ్చు చెదిరిపోతుంది" అన్నాడు. ఆరేదాకా వదల్లేదు.

ఎందుకిచ్చాడో చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. వారం తిరక్కుండా పోయాడు. అమ్మ తనే మొగుణ్ని మోసం చేశాననుకుని, నీ పేరు తలుచుకుని ఏడుస్తూ పోయింది. ఆమెకి కూడా చెప్పలేదు, చెప్తే నీ దాకా వస్తుందని భయం.

దొంగ అనిపించుకుంటే నాకు పోయేదేమీ లేదు, కొట్టు నా చేతిలో ఉంది. నీకు మిగిలింది నాన్న ఒక్కడే. ఆయన్ని కూడా నీ నుంచి తీసేసుకోవడం నా వల్ల కాలేదు. ఇవాళ ఆ పని కూడా చేశాను.

చిన్నోడు


తోళ్ళ కార్ఖానా, నా గది

చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చాక వానలు మొదలై వెళ్ళిపోయాయి కూడా. పని చేశాను, తిన్నాను, పడుకున్నాను.

నేనేం తక్కువ చేశానురా ఆయనకి? నువ్వు అమ్మ కొంగు పట్టుకుని బొమ్మలు గీసుకుంటున్నప్పుడు నేను ఏటి నీళ్ళలో నడుములోతున నిలబడి తోళ్ళు కడిగాను. చేతులు సున్నానికి పొక్కిపోతే ఆయనే నూనె రాసేవాడు. "నా కుడి చెయ్యివి నువ్వే తల్లీ" అనేవాడు. మరి ఎందుకు? నేను గట్టిదాన్ని, ఎక్కడ పడేసినా బతుకుతాను అనుకుని ఉంటాడు. నువ్వు బతకలేవని ఉంటుంది. గట్టిగా ఉండడం నేను చేసిన తప్పా? ఏడవని పిల్లకి నొప్పి లేదనుకున్నాడా?

నీ మీద కోపం పెట్టుకోవడం తేలిక. నువ్వు ఎదురుగా ఉన్నావు, తిట్టొచ్చు. పోయినవాణ్ని ఏమని తిట్టను? నిన్న తొట్టి దగ్గర నిలబడి గట్టిగానే తిట్టాను. తర్వాత ఏడుపొచ్చింది.

ఒక్కటి అడుగుతాను, ఇక ఏమీ అడగను. ఆ పూటంతా నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు కదా. నా ఊసెత్తాడా? పెద్దదానికి ఈ మాట చెప్పు అన్నాడా? తర్వాత ఆ వారంలోనైనా? ఎంత చిన్న మాటైనా ఫరవాలేదు. ఆ కథలో పెద్దవాడు అడిగినట్టే అడుగుతున్నాను, సిగ్గుపడడం లేదు.

అక్క


గ్లౌజుల కొట్టు, వెనక గది

అక్కా,

చాలా కాగితాలు రాసి చింపేశాను.

లేదక్కా. నీ గురించి ఏమీ అనలేదు. ఆ పూటా అనలేదు, ఆ వారంలోనూ అనలేదు. ఎంత తవ్వి చూసుకున్నా ఒక్క మాట దొరకలేదు.

నన్ను క్షమించు.

చిన్నోడు


తోళ్ళ కార్ఖానా, నా గది

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి గోడకేసి కొట్టాను. కాగితం కాబట్టి గోడకీ దానికీ కూడా ఏమీ కాలేదు. కాసేపటికి నేనే వెళ్ళి తీసుకున్నాను.

తర్వాత కూర్చుని ఆలోచించాను. ఒక్క మాట కల్పించి రాయడం నీకెంత పని? "నా తల్లి చల్లగా ఉండాలన్నాడు" అని రాస్తే నేను నమ్మేదాన్ని. నమ్మడానికి సిద్ధంగా కూర్చున్నాను కూడా. ఆ కాగితం దిండు కింద పెట్టుకునేదాన్ని. కాదనడానికి నాన్న లేడు, అమ్మ లేదు. నీకు నా దగ్గర మంచిపేరు కూడా వచ్చేది. అయినా నువ్వు రాయలేదు. లేనిది ఉందని చెప్పి నన్ను ఊరుకోబెట్టలేదు. దొంగ దొంగ అని ఇన్నేళ్ళు అన్నాను గానీ, దొంగ అయితే ఆ ఉత్తరం అలా రాసేవాడు కాదు.

నాన్న మీద కోపం పోలేదు. పోతుందని మాట కూడా ఇవ్వను. కానీ నువ్వు వణుకుతుంటే ఆయన చేతులు తీయలేకపోయాడు చూడు, అది మాత్రం నాకు అర్థమవుతోంది. చిన్నప్పుడు నువ్వు భయపడి నా చెయ్యి పట్టుకుంటే నేనెప్పుడైనా విడిపించుకున్నానా? ఆ మంచం మీద నేనున్నా నీ చెయ్యి వదిలేదాన్ని కాదు. ఇలా రాస్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది, అయినా నిజం ఇదే.

కొట్టులో సగం నాకొద్దు. కత్తెర నీ చేతికి అచ్చయింది, నువ్వే కొయ్యి. ఏటి ఒడ్డున మన పాత తొట్లు ఇంకా ఉంటే కడిగించి ఉంచు. కొన్న తోళ్ళతో నువ్వేం గ్లౌజులు కుడుతున్నావో చూస్తూనే ఉన్నాను, మూడు జతలు పంపావు కదా. తోలు నేను చేస్తాను. నా తొట్ల దగ్గరికి వచ్చి నువ్వు పెత్తనం చేయనంటేనే సుమా.

నాటకం మధ్యలో లేచి వచ్చేశావు కాబట్టి నీకు చివర తెలియదు. చిన్నప్పుడూ అక్కడే నిద్రపోయావు. చాలా ఏళ్ళకి ఆ తమ్ముడు తిరిగొస్తాడు. అన్న చంపేస్తాడేమోనని హడలిపోతూ, ముందు మందలు మందలుగా కానుకలు పంపుకుంటూ వస్తాడు. పెద్దవాడు ఇవన్నీ ఎందుకురా, నాకు చాలినంత ఉంది అంటాడు. తమ్ముడు దూరాన కనపడగానే పరిగెత్తుకెళ్ళి కౌగిలించుకుంటాడు. ఇద్దరూ మెడలు పట్టుకుని ఏడుస్తారు.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. నా మోకాళ్ళు అరిగిపోయాయి, నేను పరిగెత్తలేను. బస్టాండుకి రా. ఈసారి పరిగెత్తాల్సింది నువ్వే.

అక్క